జంట చామంతులు

పోయిన ఆదివారం పొద్దున కాలింగ్ బెల్ మోగితే మా అమ్మాయి తన్మయి వెళ్ళి తలుపు తీసింది. నేను వంటింట్లో చారుకి పోపు వేస్తున్నాను. ఇంతలో దాని గొంతు వినిపించింది. "అమ్మా, కమ్ లా! ఎవరో తెల్ల అంకుల్. ఏదో పొట్లం తెచ్చారు, నేను చెయ్యి చాపితే ఇవ్వట్లేదు. షేక్‌హ్యాండ్ కూడా ఇవ్వట్లేదు. వై లైక్ దట్?" స్టవ్ కట్టేసి పరిగెత్తాను. మా పుంగ్గోల్ ఫ్లాటు గుమ్మం బయట పొడుగాటి ముసలాయన నిలబడి ఉన్నారు. జుట్టు పూర్తిగా తెల్లబడింది, భుజాలు కాస్త వంగాయి, ఆ నవ్వని ముఖం మాత్రం అలాగే ఉంది. గోధుమరంగు కాగితంలో చుట్టిన పొట్లాన్ని గుండెకి ఆనించుకుని, మా అమ్మాయి చాపిన చేతినీ కింద గడపనీ మార్చి మార్చి చూస్తున్నారు. అసలది గడప కూడా కాదు, బయటి టైల్స్‌కీ లోపలి టైల్స్‌కీ మధ్య వేసిన సన్నటి రాతి పట్టీ. "ముందు లోపలికి రండి వదీమ్ గారూ," అన్నాను. ఆయన బూట్లు విప్పి, కుడికాలు లోపల పెట్టి, ఆ తర్వాతే నా చెయ్యి అందుకున్నారు. "గడప మీంచి ఏదీ ఇవ్వకూడదు. మా అమ్మ చెప్పింది, మీ పార్వతమ్మా చెప్పింది. ఆ ఇద్దరితో నేను వాదించను," అన్నారు. తన్మయి మా ఇద్దరినీ పిచ్చివాళ్ళని చూసినట్టు చూసి తన గదిలోకి వెళ్ళిపోయింది.

వదీమ్ గారు సింగపూర్‌లో నా మొదటి పైఅధికారి. రష్యా నుంచి ఇంజనీరుగా వచ్చి, నా కళ్ళ ముందే పెద్ద కుర్చీ ఎక్కిన మనిషి. పార్వతమ్మ ఆంటీ మేము కొత్తగా వచ్చినప్పుడు టాంపినీస్‌లో మాకు గది అద్దెకిచ్చిన ఇంటావిడ. ఆవిడకీ భర్త సుబ్బారావు అంకుల్‌కీ పిల్లల్లేరు. అంకుల్ పోయాక ఆవిడ మా దగ్గరే ఉన్నారు, పోయిన నెల మా ఇంట్లోనే కన్నుమూశారు. ఆ కబురు వదీమ్ గారి పాత నంబరుకి పంపాను, అందుతుందన్న ఆశ లేకుండానే. అందింది. తన కూతురి దగ్గరికి వెళ్ళే దారిలో ఇక్కడ ఆగి, నేరుగా ఇంటికి వచ్చారు. ఆయన్ని సోఫాలో కూర్చోబెట్టి కాఫీ కలపడానికి వెళ్ళాను గానీ చెంచా పట్టుకుంటే పొడి ఒలికిపోయింది. ఆ పొట్లంలో ఉన్నవి పువ్వులని నాకు తెలుసు. ఎన్ని పువ్వులో తెలియదు. పువ్వుల లెక్కకి ఇంత కంగారేమిటని ఎవరైనా నవ్వొచ్చు. అది అర్థం కావాలంటే నాతోపాటు ఆ టాంపినీస్ ఇంటికి రావాలి.

ఆ ఇల్లు ఉన్న అంతస్తులో లిఫ్టు ఆగేది కాదు. ఆ రోజుల్లో పాత బ్లాకులన్నిటిలోనూ అంతే, ఒక అంతస్తు పైన దిగి మెట్లు దిగాలి, లేదా కింద దిగి ఎక్కాలి. తలుపు తెరవగానే ముందు కాఫీ వాసన, దాని వెనకే హారతి కర్పూరం, ఆ రెండింటినీ తోసుకుంటూ పక్కింటి మలయ్ ఆవిడ రొయ్యల ముద్ద వేయించే వాసన. కడుపుతో ఉన్న నాకు ఆ మూడోది పొట్ట తిప్పేసేది. ఆంటీ వెంటనే నా ముక్కు దగ్గర నిమ్మకాయ చెక్క పెట్టి, "పీల్చమ్మా, పీల్చు. ఆవిణ్ణేవీ అనలేం. మనం ఇంగువ వేస్తే ఆవిడెప్పుడన్నా మాటన్నదా?" అనేవారు. ఆవిడది తణుకు దగ్గర పల్లె. పెళ్ళై వచ్చి అప్పటికే సగం జీవితం ఇక్కడ గడిచిపోవడంతో గోదావరి యాసలో మలయ్, తమిళం కలిసిపోయాయి. కూరల బజారు ఆవిడకి పసార్, జాలేస్తే పావం, ఆశ్చర్యమేస్తే అలమక్. పొద్దున్నే బట్టలుతికి, వెదురు గడలకి గుచ్చి, కిటికీ బయటికి జెండాల్లా నిలబెట్టేవారు. సుబ్బారావు అంకుల్ హార్బర్లో పనిచేసి రిటైరయ్యారు. ఈరోజు పేపరు రేపు చదవడం ఆయన అలవాటు. ఒక రోజు ఆలస్యమైతే సగం గొడవలు వాటంతట అవే తీరిపోయి ఉంటాయని ఆయన వాదన. ఆ ఇంట్లో అంత నిశ్చింతగా ఉన్న మనిషి ఆయనొక్కరే.

నాకు నిశ్చింత అనేది పుట్టుకతోనే లేదు. విజయనగరంలో ఉన్నప్పుడు గ్యాస్ కట్టేశానో లేదోనని వీధి చివరినుంచి వెనక్కి వచ్చేదాన్ని. ఇక్కడ ఆ భయానికి గట్టి కారణమే దొరికింది. నా భర్త సత్యం నా వర్క్ పాస్ మీద వచ్చి ఉద్యోగం వెతుక్కుంటున్నారు. అంటే మేమిద్దరమూ, కడుపులో ఉన్న బిడ్డా, ముగ్గురమూ కంపెనీ నాకిప్పించిన ఆ ఒక్క పచ్చ కార్డు మీద నిలబడ్డాం. ఉద్యోగం పోతే కార్డు పోతుంది, కార్డు పోతే కొద్ది వారాల్లో దేశం విడిచి వెళ్ళాలి. నెలలు నిండుతున్న మనిషిని విమానం ఎక్కనివ్వరని ఎవరో చెప్పారు. ఉండనివ్వరు, వెళ్ళనివ్వరు, మరి నేనెక్కడ కనాలి? ఈ ప్రశ్న నా చెవిలో ఈగలా తిరిగేది. కార్డుని ఆంటీ పోపుల పెట్టె వెనక దాచి, నీళ్ళు తాగడానికి వెళ్ళిన ప్రతిసారీ ఉందో లేదో తడిమి చూసుకునేదాన్ని. "ఏటైపోద్దే, అదేం ఎగిరిపోద్దా?" అని సత్యం వేళాకోళం చేసేవారు. ఆయనా చూసుకునేవారని నాకు తర్వాత తెలిసింది.

మా కంపెనీ చేసేది చమురు ట్యాంకుల సాఫ్ట్‌వేర్. జురాంగ్ ఐలాండ్‌లో వరసగా నిలబడి ఉండే ఆ పెద్ద ఇనప ట్యాంకుల్లో నూనె ఎంతవరకు ఉందో, ఎక్కువైతే ఎప్పుడు గంట కొట్టాలో చూపించే ప్రోగ్రాం. మేము దాన్ని పరీక్షించే జట్టు. వేరే ఆఫీసుల్లో మావంటి వాళ్ళు ఏసీ గదిలో కూర్చుని పరీక్షలు చేసేవారు. వదీమ్ గారు మమ్మల్ని కూర్చోనిచ్చేవారు కాదు. ప్రతి గురువారం ద్వీపానికి తీసుకెళ్ళి, తలకి టోపీ పెట్టించి, ట్యాంకు పైకెక్కించి, బరువు కట్టిన టేపు లోపలికి వదిలించి, అది ఎంతవరకు తడిసిందో చూడమనేవారు. ఆ కొలతా స్క్రీన్ మీద అంకె ఒకటే అయితేనే మా పని అయినట్టు. కిందికి దిగాక ఆయన వేలి కణుపులతో ట్యాంకుని ఠంగుమని కొట్టి, తల వంచి వినేవారు. ఆ ముఖంలో నవ్వు అనేది ఉండేది కాదు. మొదటి నెలంతా నన్ను ఈ వారమే తీసేస్తారని అనుకుంటూ బతికాను. మా జట్టులో వరంగల్ కుర్రాడు రమేష్ నాకు ధైర్యం చెప్పేవాడు. "అక్కా, పరేషాన్ గాకు. సార్ మొఖం గట్లనే ఉంటది. కోపమొస్తే గూడ గదే మొఖం, సంతోషమైతే గూడ గదే మొఖం." ఆ మాటకి నా భయం ఇంకా పెరిగింది. కోపమెప్పుడో సంతోషమెప్పుడో తెలియని మనిషి కింద పనిచేయడం కంటే భయానికి ఇంకేం కావాలి?

ఆయన కథ ముక్కలు ముక్కలుగా కారులో చెప్పారు. ఆయనా నేనూ ఇద్దరమూ ఇంగ్లీషుని అరువు తెచ్చుకున్నవాళ్ళమే గనక మా మాటలు పొట్టిగా, సూటిగా ఉండేవి. ఓల్గా నది ఒడ్డున ఒక ఊళ్ళో పంపుల ఫ్యాక్టరీలో ఇంజనీరు. దేశం విడిపోయాక ఫ్యాక్టరీలో జీతాలు ఇవ్వడానికి డబ్బుల్లేక, పక్క షెడ్డులో తయారయ్యే ఎనామిల్ బకెట్లు ఇచ్చి పంపేవారట. పంపుల డిజైన్లు గీసిన మనిషి ఆ చలిలో బకెట్లు మోసుకుని రైల్వే ప్లాట్‌ఫారం మీద నిలబడి, ఆగిన రైళ్ళలో వాళ్ళకి అమ్మారు. "ఆడవాళ్ళు కొనే ముందు బకెట్‌ని వేలితో కొట్టి వినేవాళ్ళు. నేను అప్పుడే నేర్చుకున్నాను. ముందే చెప్పేవాణ్ణి, అమ్మా, దీని పిడి బలంగా లేదు, నిండా నీళ్ళు పోసి దూరం మొయ్యకండి అని. అలా చెప్పాక కొనేవాళ్ళు." ఇక్కడికి వచ్చాక కూడా ఆయన అమ్మకం అలాగే ఉండేది. ట్యాంకుల యజమానుల దగ్గరికి వెళ్ళి, మా ప్రోగ్రాం ఏమేం చేయలేదో ముందు చెప్పేవారు. మా సేల్స్ వాళ్ళు తలలు పట్టుకునేవారు. కానీ ఆ యజమానులు ఇంకెవరినీ నమ్మేవారు కాదు, సంతకం పెట్టే రోజున ఆ నవ్వని మనిషి ఎదురుగా ఉండాలనేవారు. అలా ఇంజనీరు గదిలోంచి మీటింగు గదిలోకి, అక్కడినుంచి ఇంకా పై అంతస్తులోకి, తను అడగకుండానే నడిచి వెళ్ళిపోయారు.

ఒక గురువారం ద్వీపంలో నాకు కళ్ళు తిరిగితే ఆయనే కారులో ఇంటికి తీసుకొచ్చారు. ఆయన ఉండేది మాకు దగ్గర్లోనే. ఆంటీ గుమ్మంలోంచే కృతజ్ఞతగా మజ్జిగ గ్లాసు చాపారు. ఆయన తీసుకోలేదు. మజ్జిగ వైపు ఆశగా చూస్తూ కూడా చేతులు వెనక్కి పెట్టుకున్నారు. నాకు గుండె ఆగినంత పనైంది, అవమానం అనుకున్నారేమోనని. ఆంటీ నాలిక కరుచుకున్నారు. "అయ్యో, నా మతి మండా! గడప మీంచి ఇచ్చేస్తున్నానేంటి! రా బాబూ, లోపలికి రా." ఆయన లోపలికి వచ్చాక గ్లాసు రెండు చేతులా అందుకుని, వాళ్ళమ్మ కూడా ఇలాగే తిట్టేదని చెప్పారు. ఆంటీ మొహం చూడాలి! ఇన్నేళ్ళుగా ఈ ఊళ్ళో గడప అంటే ఏమిటో తెలిసిన తెల్లవాడు ఆవిడకి కనబడలేదు. ఆ రోజు దోసావకాయతో అన్నం పెట్టారు. దోసకాయని ఊరబెట్టడం ఆయనకి కొత్త కాదు, ఆ కారం కొత్త. కళ్ళంట నీళ్ళు కారుతున్నా తిని, ఇంకా కావాలన్నారు. తర్వాత ఆదివారాలు రావడం అలవాటైంది. "బాబూ, మాకన్ అయిందా?" అని ఆవిడ భోజనం సంగతి తెలుగూ మలయూ కలిపి అడిగేవారు, ఆయన రష్యన్‌లో ఏదో అనేవారు, ఇద్దరికీ బాగానే అర్థమయ్యేది.

అలా ఉండగా గాలి మారింది. కంప్యూటర్లు వచ్చిన మనిషైతే చాలు, విమానం టిక్కెట్టు పంపించి పిలిచిన ఊళ్ళోనే, ఆఫీసులు ఒక్కొక్కటే దీపాలు ఆర్పుకోవడం మొదలుపెట్టాయి. మా పక్క భవనంలో ఒక కంపెనీ ఉద్యోగులు పొద్దున వచ్చేసరికి తలుపు తాళం వేసి ఉందట. హాకర్ సెంటర్లో భోజనం బల్లల దగ్గర తెలుగువాళ్ళు కలిస్తే ఇదివరకు జీతాల కబుర్లు, ఇప్పుడు ఎవరి పాస్ ఎప్పుడు రద్దయిందన్న కబుర్లు. మా ప్రధాన కార్యాలయం నుంచి డైరెక్టర్లు వస్తున్నారని, వదీమ్ గారిని ఈ ప్రాంతం మొత్తానికి పెద్దని చేయాలా లేక ఇక్కడి ఆఫీసే ఎత్తేయాలా తేలుస్తారని తెలిసింది. ఆయనకి పెద్ద పదవి వస్తే మేమూ ఉంటాం. లేకపోతే అందరమూ సామాన్లు సర్దుకోవాలి. పైవాళ్ళతో ఎలా మాట్లాడాలో నేర్పడానికి ఆయనకి ఒక ట్రైనర్ని పెట్టారు. ఆ ట్రైనర్ మొదట చెప్పింది నవ్వమని. ఆదివారం ఆయన మా హాల్లో అద్దం ముందు నిలబడి సాధన చేస్తుంటే ఆంటీ వంటింట్లోంచి వచ్చి కంగారుపడిపోయారు. "అలమక్! ఏంటి బాబూ, పన్ను నొప్పా? లవంగం ఇమ్మంటావా?" మేమంతా పొట్ట పట్టుకుని నవ్వాం. ఆయనొక్కరే నవ్వలేదు. "కారణం లేకుండా నవ్వేవాణ్ణి మా ఊళ్ళో నమ్మరు," అన్నారు దిగులుగా. అంత ధైర్యం గల మనిషి గొంతులో ఆ దిగులు విన్నాక వెళ్ళి పోపుల పెట్టె వెనక కార్డుని ఇంకోసారి తడిమి వచ్చాను.

డైరెక్టర్లు ట్యాంకుల దగ్గరే కలుద్దామన్నారు. ఆ పొద్దున వదీమ్ గారు, రమేష్ ఇద్దరూ నన్ను తీసుకెళ్ళడానికి పైకి వచ్చారు. వదీమ్ గారు కట్టుకున్న టై అంకుల్‌ది. ఆంటీ మమ్మల్ని చూసి గుమ్మానికి అడ్డం నిలబడ్డారు. "ముగ్గురా? ముఖ్యమైన పనికి ముగ్గురు కలిసి బయల్దేరతారా ఎవరైనా? కుదరదంటే కుదరదు." సత్యం నేనొస్తానన్నారు, కానీ ద్వీపంలోకి ముందే అనుమతి తీసుకోని మనిషిని రానివ్వరు. టైమైపోతోంది. వదీమ్ గారు వాచీ చూసుకుంటున్నారు గానీ ఆవిణ్ణి తప్పుకోమని అనలేకపోతున్నారు. అంకుల్ నిన్నటి పేపరు వెనకనుంచి అన్నారు, "నాలుగోది కడుపులో ఉంది కదే. దాన్ని లెక్కెట్టుకో." ఆంటీ ముఖం విప్పారింది. "ఆయ్, అవునండోయ్!" అని లోపలికెళ్ళి, ముందురోజు టెక్కా మార్కెట్లో కొన్న తాంబూలం పళ్ళెంలో తెచ్చి వదీమ్ గారి చేతిలో పెట్టారు. తమలపాకులు రెండు, అరటిపళ్ళు రెండు, పసుపు చామంతులు రెండు. "జంట లేకుండా ఏదీ ఇవ్వకూడదు బాబూ. జయం కలుగుతుంది, వెళ్ళిరా." ఆయన ఆ పువ్వుల వంక చూశారు. అప్పటిదాకా ఎర్రగా ఉన్న ముఖం సున్నం కొట్టినట్టయిపోయింది. అయినా తల వంచి తీసుకున్నారు.

కారు ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కింది. చామంతులు ముందు అద్దం దగ్గర పెట్టారు, వాటిని చూడకుండా రోడ్డు చూడటానికి తంటాలు పడుతున్నారు. వెనక సీట్లో రమేష్ రెండు అరటిపళ్ళూ తినేశాడు. "ఖాళీ కడుపుతోని పోతే మాటలు రావక్కా," అన్నాడు. నేనుండబట్టలేక ఏమైంది సార్ అని అడిగాను. అప్పుడు చెప్పారు. వాళ్ళ దగ్గర బతికున్న మనిషికి పువ్వులిస్తే ఒకటో మూడో అయిదో ఇస్తారట. రెండో నాలుగో తీసుకెళ్ళేది శ్మశానానికేనట. "నేను ఇంజనీరుని, ఇవి నమ్మను," అన్నారు. స్టీరింగ్ మీద ఆయన వేళ్ళు నమ్ముతున్నట్టే ఉన్నాయి. నేను ఇంకేం ఆలోచించలేదు. చెయ్యి చాపి ఒక చామంతి తీసి నా జడలో తురుముకున్నాను. "ఇప్పుడు మీ దగ్గర ఒకటే ఉంది సార్," అన్నాను. ఆయన ఒక్క క్షణం నావైపు తిరిగి, గట్టిగా ఊపిరి వదిలారు. కారు కూడా కాస్త తిన్నగా వెళ్ళసాగింది.

ఆయనకి పోయిన గుబులు నాకు పట్టుకుంది. ఆంటీ జంటగా ఇచ్చినదాన్ని విడదీశాను. తాంబూలంలో ఒక పండు తినేసి ఒకటి పక్కన పెట్టినా ఆవిడ ఒప్పుకునేవారు కాదు, ఒంటిగా వదలకూడదనేవారు. పైగా నేను ఒట్టి మనిషిని కాదు. జడలో పువ్వు బరువు తెలుస్తూనే ఉంది. ద్వీపానికి వెళ్ళే వంతెన మీద కారు వెళ్తుంటే రెండు పక్కలా సముద్రం మెరుస్తోంది, నేను మాత్రం పొట్ట మీద చెయ్యి పెట్టుకుని కళ్ళు మూసుకుని కూర్చున్నాను. ఎంత చదువుకున్నా ఇంతేనా అని నన్ను నేనే తిట్టుకున్నాను. తిట్టుకున్నంత మాత్రాన భయం పోదు.

డైరెక్టర్లు కొత్త టోపీలు పెట్టుకుని ఎండకి చెమటలు కక్కుతున్నారు. నేను కంట్రోల్ రూంలో స్క్రీన్ ముందు కూర్చున్నాను, రమేష్ ట్యాంకెక్కి టేపు వదిలాడు. రేడియోలో అతను చెప్పిన కొలత, నా స్క్రీన్ మీద అంకె ఒకటే. అందరం బయటికి వచ్చాక వదీమ్ గారు అలవాటు ప్రకారం మా ప్రోగ్రాం ఏమేం చేయలేదో మొదట చెప్పారు. ఒక డైరెక్టర్ మధ్యలో ఆపి, స్క్రీన్ సరిగ్గానే చూపిస్తున్నప్పుడు మనుషుల్ని ట్యాంకు ఎక్కించడం దేనికన్నాడు. ఆ ప్రశ్న ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. ట్యాంకు ఎక్కే మనుషులమంటే మేమే. వదీమ్ గారు ట్యాంకు దగ్గరికి నడిచి, వేలితో ఠంగుమని కొట్టి, "ఎక్కడం మానేసిన రోజున స్క్రీన్ సరిగ్గా ఉందో లేదో మీకు తెలిసే దారి ఉండదు," అన్నారు. తర్వాత వాళ్ళు ఆయన్ని లోపలికి పిలిచి తలుపులు మూసుకుని మాట్లాడుకున్నారు. మమ్మల్ని క్యాంటీన్‌లో ఉండమన్నారు.

ఆ క్యాంటీన్‌లో కూర్చున్నంతసేపు కడుపులో కదలిక లేదు. మామూలుగా ఆ వేళకి కాళ్ళు ఝాడించే బిడ్డ ఊరుకుంది. మొదట లెక్కచేయలేదు. తర్వాత అటు తిరిగాను, ఇటు తిరిగాను, లేచి నడిచాను. కొబ్బరన్నం, ఎండుచేపల వాసన చుట్టూ కమ్ముకుంటోంది. జడలోని చామంతిని తీసేద్దామా అని చెయ్యి పెట్టాను, తీసేస్తే ఇంకేమవుతుందోనని మళ్ళీ వదిలేశాను. నా ఉద్యోగం సంగతి మర్చిపోయాను. తల్లీ, కార్డు పోతే పోనీ, నువ్వు కదులు చాలు అని మనసులో అంటూనే ఉన్నాను. రమేష్ నా ముఖం చూసి అడిగాడు. ఏడుపు ఆపుకుంటూ పువ్వు గురించి నా భయమంతా చెప్పేశాను. అతను నవ్వలేదు. వెళ్ళి ఐసు వేసిన మైలో, అదే చాక్లెట్ పాల గ్లాసు తెచ్చి, "ముందు గిది తాగక్కా," అని నా ముందు పెట్టి, ఎటో వెళ్ళాడు. సగం గ్లాసు తాగాక పక్కటెముక కింద ఒక్క తన్ను తన్నింది. బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చేశాను. పక్క బల్ల దగ్గర తింటున్న చైనీస్ అంకుల్ ఒకాయన టిష్యూ ప్యాకెట్ నావైపు జరిపి తన తిండి తను తినసాగాడు.

వదీమ్ గారు బయటికి వచ్చినప్పుడు ఆ ముఖంలో ఏమీ లేదు. రమేష్ నావైపు చూశాడు, నేను రమేష్ వైపు చూశాను. కారు వంతెన దాటాక ఆయన చెప్పారు. ఆయన్ని ఈ ప్రాంతం మొత్తానికి డైరెక్టర్‌ని చేశారు. ఆఫీసు ఉంటుంది. కానీ ట్యాంకులు పరీక్షించే జట్టులో ఇద్దరే మిగలాలన్నారు. ఒకరు రమేష్, ఒకరు మా సీనియర్ మిస్ టాన్. ఆ మాట వినగానే నాకు చెవులు మూసుకుపోయాయి. ఆయన మాట్లాడుతూనే ఉన్నారు. "నేను ముగ్గురు కావాలన్నాను. వాళ్ళు ఇద్దరన్నారు. మా దేశంలో రెండు శ్మశానం లెక్క, నాకు మూడు కావాలి అన్నాను. వాళ్ళు నవ్వారు. నేను నవ్వలేదు. ఇచ్చారు. మూడో పేరు నీది." నేను జడలో చామంతి ఉందో లేదో తడుముకున్నాను. ఆయనే మళ్ళీ అన్నారు, "తలుపు దగ్గరికి వచ్చి రమేష్ నాకు చెప్పాడు, జంట విడదీస్తే మీవాళ్ళలో మంచిది కాదని. నీకు తెలిసి కూడా తీసుకున్నావు. నువ్వు నా లెక్క సరిచేశావు. నీ లెక్క నేను సరిచేయకపోతే ఎలా?"

ఇంటికి వచ్చాక, వదీమ్ గారు పక్కనే ఉండగా, ఆంటీకి అంతా చెప్పాను, జంట విడదీసిన సంగతితో సహా. ఆవిడ కోప్పడతారనుకున్నాను. మూడు అన్న మాట దగ్గరే ఆగిపోయారు. "ముగ్గుర్ని ఉంచారా? మూడేంటి, ఇంకో అంకె దొరకలేదా?" అని కాసేపు నొచ్చుకుని, నా పొట్ట మీద అరచెయ్యి వేసి, "ముగ్గురు కాదులే బాబూ, నలుగురు," అని వదీమ్ గారికి నాలుగు వేళ్ళు చూపించారు. ఆయన ఆ వేళ్ళని చూసి, మొదటిసారి, ఎవరూ నేర్పకుండా నవ్వారు. ఆ రాత్రి పోపుల పెట్టె వెనక కార్డుని తడమకుండా పడుకున్నాను. తర్వాతి వారం మిగతా వాళ్ళంతా వెళ్ళిపోయారు. వాళ్ళలో ఒకమ్మాయి కొత్తగా కొన్న రైస్ కుక్కర్ మోసుకెళ్ళలేక నాకిచ్చి వెళ్ళింది. అందులో అన్నం వండినప్పుడల్లా ఆ అమ్మాయే గుర్తొచ్చేది. కొన్నాళ్ళకి దాన్ని ఎవరికో ఇచ్చేశాను.

తన్మయి పుట్టిన కొద్ది రోజులకే వదీమ్ గారిని ఇంకా పెద్ద పదవిలోకి వేరే దేశం పంపారు. ఆ తర్వాత ఆయన పేరు పేపర్లలో, సూటు వేసుకున్న ఫొటోతో కనబడేది. ఫొటోల్లో నవ్వుతూ ఉండేవారు. ఆ నవ్వు చూస్తే నాకెందుకో దిగులుగా ఉండేది. పోయిన ఆదివారం కాఫీ అందిస్తూ ఆ సంగతే అడిగాను. ఆయన కప్పు కింద పెట్టారు. "ఏడాదికేడాదీ ఇనుముకి దూరంగా వెళ్ళాను. చివరికి నా బల్ల మీద ఉన్నవన్నీ స్క్రీన్లే. వెళ్ళిన ప్రతిచోటా వాళ్ళిచ్చిన అంకె కంటే ఒకరు ఎక్కువ కావాలని అడిగాను. కొన్నిచోట్ల ఇచ్చారు." ఇవ్వని చోట ఏం చేశారన్నాను. "నవ్వాను," అన్నారు. పక్క గదిలో తన్మయి ఫోనులో ఎవరితోనో తను ఈ ఉద్యోగం మానేసి ఇంకోటి చూసుకుంటున్నానని తేలిగ్గా చెబుతోంది. ఇది ఈ ఏడాదిలో రెండోసారి. దానికి ఏ కార్డు భయమూ లేదు, పుట్టిన ఊళ్ళోనే ఉంది. అలా ఉండటం నాకు సంతోషమే. అయినా ఆ మాట చెవిన పడగానే నా చెయ్యి పొట్ట మీదకి పోయింది. అది వదీమ్ గారు చూశారు.

కాఫీ అయ్యాక ఆయన లేచి ఆంటీ ఫొటో ఎక్కడని అడిగారు. అంకుల్ ఫొటో పక్కనే ఉంది. ఆయన దాని ముందు నిలబడి పొట్లం విప్పారు. పసుపు చామంతులు, రెండే. పొద్దుటినుంచీ నా కంగారు దేనికో ఆ కాగితం విడిపోయాక నాకు సరిగ్గా తెలిసింది. వాళ్ళ లెక్కలో రెండు పోయినవాళ్ళకి. ఆంటీ లెక్కలో రెండు జంట, శుభం. తన్మయి గది గుమ్మంలోంచి చూస్తూ, "ఓన్లీ టూ ఆ? ఇంత దూరం తెచ్చి?" అంది. ఆయన రెండింటినీ పక్కపక్కన పెట్టారు. నా చెయ్యి దానంతట అదే వెళ్ళి ఒక చామంతి కాడ పట్టుకుంది. ఆయన నావైపు చూశారు. వదిలేశాను. ఈసారి ఆ రెండూ కలిసే ఉండొచ్చు.